హాంకాంగ్ విమానాశ్రయం: ఖర్చులో సింహభాగం ప్రహరీ బయటే

1990లలో హాంకాంగ్ ‘ఎయిర్‌పోర్ట్ కోర్ ప్రోగ్రామ్’ పేరుతో పది పనులు తలకెత్తుకుంది. అందులో విమానాశ్రయం ఒకటి మాత్రమే. మిగతా తొమ్మిదిలో ఒక రైలు మార్గం, మూడు హైవేలు, ఒక వంతెనల వరస, హార్బర్ అడుగున ఒక సొరంగం ఉన్నాయి. రెండు చోట్ల సముద్రాన్ని పూడ్చారు, దారి చివర ఒక కొత్త ఊరు కట్టారు. మొత్తం ఖర్చు సుమారు 15,500 కోట్ల హాంకాంగ్ డాలర్లు. అందులో విమానాశ్రయానికి పోయింది ఇంచుమించు మూడో వంతే. మిగతాదంతా దాని ప్రహరీ బయట, అక్కడికి చేరడానికి, ఆ దారిని ఆనుకుని ఊరు పెరగడానికి ఖర్చయింది.

ఈ వాటాలు ఒకసారి చూస్తే ఆ విమానాశ్రయం గురించి తర్వాత వచ్చిన తగాదాలు చాలావరకు వాటంతట అవే విడిపోతాయి. రైలెందుకు అలా కట్టారు, ఒక్క పడవ తగిలితే విమానాశ్రయం ఆనుకుని ఉన్న లాంటౌ దీవికి రోడ్డూ రైలూ ఎందుకు ఆగిపోయాయి, మూడో రన్‌వే వచ్చాక కూడా విమానాల సంఖ్య ఎందుకు ఒక్కసారిగా పెరగదు అనే ప్రశ్నలన్నీ అక్కడికే వెళ్తాయి.

పాత విమానాశ్రయం కై తక్‌కు దారి సమస్యే లేదు. అది ఊళ్లోనే ఉండేది. కౌలూన్ ఒడ్డు నుంచి హార్బర్‌లోకి పొడుచుకొచ్చిన పట్టీ మీద ఒకే ఒక్క రన్‌వే. పడమటి వైపు నుంచి దిగే విమానాలు ఎరుపు, తెలుపు గళ్లు వేసిన ఒక కొండను గురిగా పెట్టుకుని వచ్చేవి. ఆ గళ్లు దగ్గరపడగానే పైలట్ చేత్తో నడుపుతూ కుడివైపు గట్టిగా మలుపు తిప్పి, అపార్ట్‌మెంట్ల మీదుగా నేరుగా రన్‌వే మీదకు దించేవాడు. కింద కౌలూన్ సిటీలో భవనాలు ఒక ఎత్తు దాటకూడదు. రాత్రి పన్నెండు నుంచి తెల్లవారేదాకా విమానాలు బంద్. 1996 నాటికి ఏడాదికి దాదాపు 2.9 కోట్ల మంది ఆ ఒక్క రన్‌వే మీదుగా వచ్చిపోతున్నారు. పక్కకు జరగడానికి చోటు లేదు. కొత్తది కట్టక తప్పదని చాలా ఏళ్ల ముందు నుంచే అనుకుంటున్నారు, కానీ అంత డబ్బు పెట్టే ధైర్యం ఎవరికీ చాలలేదు.

ఆ ధైర్యం రాజకీయం వల్ల వచ్చింది. 1989 జూన్‌లో బీజింగ్ తియానన్మెన్ చౌక్‌లో నిరసనకారులను సైన్యం అణచివేయడం చూశాక హాంకాంగ్‌లో జనం బెంబేలెత్తిపోయారు. 1997లో ఈ ఊరు బ్రిటన్ నుంచి చైనా చేతికి వెళ్తుంది. చేతనైనవాళ్లు వలసపోతున్నారు. ఆ అక్టోబరులో గవర్నర్ డేవిడ్ విల్సన్ కొత్త విమానాశ్రయాన్ని ప్రకటించారు. ఊరికి భవిష్యత్తు ఉందని నమ్మించడానికి కాంక్రీటును మించిన సాక్ష్యం లేదని ఆయన ప్రభుత్వం లెక్క. జనం దానికి ‘గులాబీ తోట’ అని పేరు పెట్టారు. ఆ పేరులో వెటకారం లేదని చెప్పలేం.

బీజింగ్‌కు మాత్రం వేరే అనుమానం వచ్చింది. బ్రిటిష్‌వాళ్లు పోతూ పోతూ ఖజానా ఖాళీ చేసి, కాంట్రాక్టులన్నీ తమవాళ్లకే కట్టబెట్టి, అప్పు మన నెత్తిన పెడతారని. ఆ పంచాయితీ తెగడానికి రెండేళ్లు పట్టింది. 1991 సెప్టెంబరు 3న బ్రిటన్ ప్రధాని జాన్ మేజర్ స్వయంగా బీజింగ్ వెళ్లి, చైనా ప్రధాని లీ పెంగ్‌తో ఒప్పంద పత్రం మీద సంతకం చేశారు. చేతులు మారే నాటికి ఖజానాలో కనీసం 2,500 కోట్ల హాంకాంగ్ డాలర్లు మిగల్చాలన్నది అందులో ఒక షరతు. సంతకాల తర్వాత కూడా అప్పుల లెక్కల మీద కీచులాట సాగింది. అందుకే బ్రిటిష్ జెండా దిగేలోపు తెరవాలనుకున్న విమానాశ్రయం, జెండా దిగిన ఏడాదికి తెరుచుకుంది.

స్థలం సంగతి త్వరగా చెప్పుకుందాం. లాంటౌ దీవికి ఉత్తరాన చెక్ లాప్ కాక్ అనే 302 హెక్టార్ల కొండ దీవి, పక్కనే లామ్ చౌ అనే చిన్న దీవి ఉండేవి. రెండింటినీ పేల్చి చదును చేశారు. ఆ రాయి, సముద్రం అడుగు నుంచి తోడిన ఇసుక కలిపి చుట్టూ పూడ్చారు. 1992 చివర మొదలుపెట్టి 1995 నాటికి 1,248 హెక్టార్ల నేల సిద్ధం చేశారు. హాంకాంగ్ విస్తీర్ణం దాదాపు ఒక శాతం పెరిగింది. పూడ్చేముందు సముద్రం అడుగున ఉన్న మెత్తటి బురదను తోడి పారేశారు. బురద మీదే రాయి పోస్తే ఏళ్ల తరబడి కుంగుతుంది. జపాన్‌లో ఒసాకా దగ్గర సముద్రంలో కట్టిన కన్సాయ్ విమానాశ్రయం 1994లో తెరిచింది మొదలు కుంగుతూనే ఉంది. అక్కడ బురద తోడి తీసేయలేనంత లోతుకు ఉంది. హాంకాంగ్‌కు ఆ విషయంలో అదృష్టం కలిసొచ్చింది.

దారి విషయంలో మాత్రం అదృష్టమేమీ లేదు. ఊరికీ లాంటౌకూ మధ్య రెండు సముద్రపు పాయలున్నాయి. మధ్యలో మా వాన్ అనే చిన్న దీవి. ఆ పాయల్లోంచి పెద్ద ఓడలు తిరుగుతాయి కాబట్టి వంతెన ఎత్తుగా ఉండాలి. ఏటా తుపాన్లు వస్తాయి కాబట్టి గాలికి తట్టుకోవాలి. పైగా అప్పట్లో విమానాశ్రయానికి ఉన్న ఒకే ఒక్క నేలదారి ఇదే. గాలి వీచిన ప్రతిసారీ మూసేస్తామంటే కుదరదు.

ఈ మూడు షరతుల్లోంచి పుట్టిందే త్సింగ్ మా వంతెన. 1997 మేలో వాహనాలకు తెరిచారు. రెండు స్తంభాల మధ్య 1,377 మీటర్ల వేలాడే వంతెన. రోడ్డూ రైలూ రెండూ మోసే వేలాడే వంతెనల్లో అప్పటికి ప్రపంచంలో ఇంతకన్నా పొడవైనది లేదు. స్తంభాలు 206 మీటర్ల ఎత్తు. ఓడలకు 62 మీటర్ల ఖాళీ. పైన ఆరు లేన్ల రోడ్డు. అసలు తెలివి కింది అంతస్తులో ఉంది. పెట్టెలా మూసిన ఆ అంతస్తులో రెండు రైలు పట్టాలు, వాటికి అటూ ఇటూ ఒక్కో రోడ్డు లేన్ ఉంటాయి. మామూలు రోజుల్లో ఆ లేన్లలో మరమ్మతు బళ్లు తప్ప పెద్దగా ఏవీ కనిపించవు. తుపాను గాలి ఒక హద్దు దాటితే పై రోడ్డు మూసేసి, బళ్లను ఈ కింది లేన్లలోకి మళ్లిస్తారు.

పెట్టెలా మూసిన డెక్కు (వంతెన నేల) ఇంకో తలనొప్పి తెస్తుంది. గాలికి పైకీ కిందికీ ఒత్తిడిలో తేడా వచ్చి, విమానం రెక్కలాగే లేవబోతుంది. అందుకని డెక్కు మధ్యలో పొడవునా చీలికలు వదిలారు. గాలి వాటిలోంచి పైకీ కిందికీ దాటిపోతుంది, ఒత్తిడి సర్దుకుంటుంది. అంచులను గాలి చీల్చుకుపోయేలా కోణంగా మలిచారు. మా వాన్ నుంచి లాంటౌకు కాప్ షుయ్ మున్ అనే మరో వంతెన ఉంది. దానికీ ఇలాగే రెండంతస్తులు.

రైలు సంగతికి వస్తే, ఇంజనీరింగ్ కంటే లెక్కల పద్దే ఆసక్తిగా ఉంటుంది. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ నగరం నడిబొడ్డున ఉన్న హాంకాంగ్ స్టేషన్ నుంచి 24 నిమిషాల్లో విమానాశ్రయానికి చేరుస్తుంది. అదే మార్గంలో ఎక్కువ భాగం పట్టాల మీదే, విమానాశ్రయం పక్కన కట్టిన కొత్త ఊరికి వెళ్లే తుంగ్ చుంగ్ లైను కూడా నడుస్తుంది. ఒకటి సూట్‌కేసులవాళ్ల కోసం, రెండోది రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్ల కోసం. ఒట్టి ఎయిర్‌పోర్ట్ రైలు టికెట్ల మీద బతకడం ఎక్కడైనా కష్టమే. అందుకే ఊరి రైలునూ దానితో జత కలిపారు.

అయినా టికెట్లు చాలవు. ఈ రైళ్లు నడిపే మెట్రో సంస్థ ఎంటీఆర్ అసలు ఆదాయం భూమి నుంచి వచ్చింది. రైలు వస్తుందని తెలియగానే చుట్టుపక్కల స్థలం ధర పెరుగుతుంది. మామూలుగా ఆ లాభం ముందే అక్కడ స్థలం కొని పెట్టుకున్నవాళ్ల జేబుల్లోకి పోతుంది. హాంకాంగ్‌లో భూమి దాదాపు అంతా ప్రభుత్వానిదే, లీజుకే ఇస్తారు. కాబట్టి హాంకాంగ్, కౌలూన్, ఒలింపిక్, త్సింగ్ యీ, తుంగ్ చుంగ్ అనే అయిదు స్టేషన్ల పైనా పక్కనా కట్టుకునే హక్కును ప్రభుత్వం ఎంటీఆర్‌కు ఇచ్చింది. అదీ రైలు రాకముందు ధర కట్టించుకుని. ఎంటీఆర్ బిల్డర్లను పిలిచి పని అప్పజెప్పి, లాభంలో వాటా తీసుకుంటుంది. ధరల్లో ఉన్న తేడాయే రైలుకు పెట్టుబడి. హాంకాంగ్ స్టేషన్ పైన లేచిన ఐఎఫ్‌సీ టవర్లు, కౌలూన్ స్టేషన్ పైన లేచిన 484 మీటర్ల ఐసీసీ టవరు ఈ లెక్కలోంచి వచ్చినవే.

ఈ పద్ధతిని పొగిడేవాళ్లు ఒక విషయం దాటేస్తుంటారు. భూమి ప్రభుత్వం చేతిలో ఉండి, ధరలు ఆగకుండా పెరిగే చోటే ఇది నడుస్తుంది. పెరగడం ఆగితే రైలు పద్దు కూడా తలకిందులవుతుంది. దీనికి ఇంకో ఫలితం కూడా ఉంది. స్టేషన్ పక్కన సంపన్నుల టవర్లు, మాల్స్ లేస్తాయి తప్ప మామూలు వీధి పుట్టదు. కౌలూన్ స్టేషన్ చుట్టూ నడిచి చూస్తే అది ఊళ్లో కలిసినట్టు ఉండదు, కోటలా విడిగా నిలబడినట్టు ఉంటుంది.

ప్రయాణికుడి వైపు నుంచి చూస్తే మాత్రం ఆ రైలును మెచ్చుకోకుండా ఉండలేం. విమానాశ్రయం స్టేషన్‌లో రాకకొక ప్లాట్‌ఫారం, పోకకొక ప్లాట్‌ఫారం వేర్వేరు అంతస్తుల్లో ఉన్నాయి. ఊరి నుంచి వచ్చే రైలు డిపార్చర్స్ అంతస్తుకు సమంగా ఆగుతుంది. ఊళ్లోకి వెళ్లే రైలు అరైవల్స్ అంతస్తుకు సమంగా నిలుచుంటుంది. విమానం దిగి బయటికొచ్చినవాడు బండి తోసుకుంటూ తిన్నగా వెళ్లి రైలు తలుపు దగ్గర ఆగొచ్చు. మెట్లు, లిఫ్టు, ఎస్కలేటర్ ఏవీ మధ్యలో రావు. హాంకాంగ్ స్టేషన్‌లోనే బ్యాగు అప్పగించి, బోర్డింగ్ పాస్ తీసుకుని, చేతులూపుకుంటూ రైలెక్కే ఏర్పాటు కూడా మొదటి నుంచీ ఉంది. కోవిడ్ కాలంలో అది ఆగింది, తర్వాత కొన్ని ఎయిర్‌లైన్లకు మళ్లీ మొదలైంది.

ఇంత చేసినా తొలి ఏళ్లలో రైలుకు అనుకున్నంత మంది రాలేదు. కారణం బస్సు. విమానాశ్రయం నుంచి బయల్దేరే బస్సులు తిన్నగా ఎవరి పేటకు వాళ్లను చేరుస్తాయి, ఛార్జీ కూడా తక్కువ. రైలు వేగంగా వెళ్లేది నగరం నడిబొడ్డుకు. అక్కడ ఇల్లున్నవాళ్లెంతమంది? ఉద్యోగులకైతే ఈ తేడా రోజూ తెలుస్తుంది. విమానాశ్రయంలో పనిచేసే వేలమందికి ఎక్స్‌ప్రెస్ రైలు కంటే తుంగ్ చుంగ్ దాకా మెట్రో, అక్కడి నుంచి షటిల్ బస్సే ఆధారం. పది పనుల జాబితాలో కొత్త ఊరు ఎందుకుందో దీనితో తేలుతుంది. అంత దూరాన విమానాశ్రయం పెడితే, దాన్ని నడిపేవాళ్లు ఉండడానికి పక్కనే ఒక ఊరు ఉండాలి.

1998 జులై 2న చైనా అధ్యక్షుడు జియాంగ్ జెమిన్ కొత్త విమానాశ్రయాన్ని ప్రారంభించారు. 5వ తేదీ రాత్రి కై తక్ దీపాలు ఆర్పేశారు. రాత్రికి రాత్రే సామానంతా లారీల్లో, పడవల్లో, విమానాల్లో తరలింది. 6న ఉదయం చెక్ లాప్ కాక్‌లో పని మొదలైంది. ఆ వెంటనే గందరగోళం. విమానాల వివరాలు చూపే బోర్డులు తప్పులు చూపించాయి, లగేజీ తప్పిపోయింది. కొత్త కార్గో టెర్మినల్ కంప్యూటర్లు మొరాయించాయి, సరుకు కుప్పలుగా పడి ఉంది. చివరకు కొంతకాలం కై తక్‌లోని పాత కార్గో టెర్మినల్‌నే మళ్లీ తెరవాల్సి వచ్చింది. విచారణలు జరిగాయి. పూర్తిగా పరీక్షించకుండా తొందరపడ్డారని తేలింది. కొన్ని నెలలకు అన్నీ కుదుటపడ్డాయి. 2010లో అదే విమానాశ్రయం సరుకు రవాణాలో ప్రపంచంలో మొదటి స్థానానికి ఎక్కింది. ఆ తర్వాత చాలా ఏళ్లు అక్కడే ఉంది.

దారి వైపు మాత్రం అసలు బలహీనత అలాగే మిగిలింది. రోడ్డూ రైలూ ఒకే వంతెనల వరస మీద పోతున్నాయి. ఇది ప్లానర్లకు తెలియనిదేమీ కాదు, కానీ రెండో దారికి డబ్బు ఖర్చు పెట్టేంత అవసరం ఎవరికీ కనిపించలేదు. 2015 అక్టోబరు 23 రాత్రి ఒక నౌక కాప్ షుయ్ మున్ వంతెనకు తగిలింది. ఢీకొన్నట్టు అలారం మోగింది. వంతెనకు ఏమీ కాలేదని ఇంజనీర్లు చూసి తేల్చేదాకా సుమారు రెండు గంటలు రోడ్డు, రైలు రెండూ ఆపేశారు. విమానాశ్రయంలో రన్‌వేలు మామూలుగానే పనిచేస్తున్నాయి, దాన్ని చేరుకునే నేలదారే లేదు. వంతెనకు నిజంగా దెబ్బ తగిలి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న ఆ రాత్రి తర్వాత గట్టిగా వినిపించింది.

రెండో రోడ్డు 2020 డిసెంబరు 27న వచ్చింది. ఉత్తరాన ట్యూన్ మున్ నుంచి సముద్రం అడుగున దాదాపు 5 కిలోమీటర్ల సొరంగం తవ్వారు. దాని కోసం వాడిన యంత్రాల్లో ఒకదాని వ్యాసం 17.6 మీటర్లు. సొరంగాలు తవ్వే యంత్రాల్లో అప్పటికి అంత పెద్దది ఎక్కడా లేదు. ఇప్పుడు వంతెన మూతపడినా బళ్లకు దారి ఉంది. రైలుకు మాత్రం ఇప్పటికీ త్సింగ్ మా ఒక్కటే.

ఈలోగా ఇంకో వైపు నుంచి ఇంకో దారి వచ్చింది. 2018 అక్టోబరులో తెరిచిన హాంకాంగ్–జుహాయ్–మకావ్ వంతెన. అనుసంధాన రోడ్లతో కలిపి 55 కిలోమీటర్లు. దాని హాంకాంగ్ కొస విమానాశ్రయం పక్కనే పూడ్చిన 150 హెక్టార్ల కృత్రిమ దీవి మీద ఉంది. పొడవు గురించి అందరూ మాట్లాడతారు, కానీ దాని మధ్యలో 6.7 కిలోమీటర్ల సొరంగం ఎందుకొచ్చిందో చాలామంది పట్టించుకోరు. అక్కడ పెద్ద ఓడల మార్గం ఉంది. ఓడలు దాటాలంటే వంతెన బాగా ఎత్తుగా ఉండాలి, ఎత్తు వంతెనకు ఇంకా ఎత్తయిన స్తంభాలు కావాలి. పక్కనే విమానాలు దిగుతుంటే అంత ఎత్తు లేపడానికి వీల్లేదు. కాబట్టి రెండు కృత్రిమ దీవులు కట్టి, వాటి మధ్య రోడ్డును సముద్రం కిందికి దించారు. కౌలూన్ సిటీలో ఇళ్ల ఎత్తును కట్టడి చేసిన నియమమే, సముద్రం మధ్యలో వంతెన ఆకారాన్నీ నిర్ణయించింది.

ఆ వంతెన మీద ఎవరు పడితే వాళ్లు సొంత కారులో పోలేరు, అనుమతి కావాలి. హాంకాంగ్‌లో బళ్లు ఎడమవైపు నడుస్తాయి, వంతెన మీద కుడివైపు. జనం ఎక్కువగా షటిల్ బస్సుల్లోనే వెళ్తారు. విమానాశ్రయానికి మాత్రం దీనివల్ల ఒక పెద్ద లాభం ఉంది. చైనా పట్టణాల నుంచి ఫెర్రీలో వచ్చిన ప్రయాణికులను హాంకాంగ్ ఇమిగ్రేషన్‌తో పని లేకుండా నేరుగా విమానాల వైపు పంపే స్కైపియర్ ఏర్పాటు చాలా ఏళ్లుగా ఉంది. 2023 నుంచి వంతెన మీద బస్సులో వచ్చేవాళ్లకూ ఆ సౌకర్యం అందింది. వంతెన అవతల, చైనాలోని జుహాయ్ విమానాశ్రయం నిర్వహణలో హాంకాంగ్ ఎయిర్‌పోర్ట్ అథారిటీకి 2006 నుంచే వాటా ఉంది. చైనా లోపలి ఊళ్ల నుంచి జుహాయ్‌కి విమానంలో వచ్చి, బస్సులో వంతెన దాటి, హాంకాంగ్ నుంచి విదేశీ విమానం ఎక్కించాలన్నది వాళ్ల ఆలోచన. ఊరికోసం కట్టిన విమానాశ్రయం ఇప్పుడు పెర్ల్ నది డెల్టా మొత్తాన్ని తన ముంగిట్లోకి లాక్కోవాలని చూస్తోంది.

ఇక మూడో రన్‌వే. 2016 ఆగస్టులో పని మొదలైంది, 14,150 కోట్ల హాంకాంగ్ డాలర్ల అంచనాతో. ఈసారి 650 హెక్టార్లు పూడ్చారు, కానీ బురద తోడలేదు. పూడ్చాల్సిన చోటులో సుమారు 40 శాతం కింద, ఎప్పుడో తవ్విన కలుషిత బురదను తెచ్చి పాతిపెట్టిన గుంతలున్నాయి. కదిపితే ఆ విషం నీళ్లలో కలుస్తుంది. అక్కడ తిరిగే చైనీస్ తెల్ల డాల్ఫిన్లు అప్పటికే తగ్గిపోతున్నాయి. అందుకని బురదలోకే సిమెంటు ఎక్కించి కలిపి, అడుగున గట్టి స్తంభాల్లా బిగిసేలా చేసి, దాని మీద పూడ్చారు. డాల్ఫిన్లకు అది సరిపోతుందని పర్యావరణవాదులు ఒప్పుకోలేదు. వాటికి ఈతకు మిగిలిన నీళ్లే తగ్గిపోయాయన్నది వాళ్ల వాదన. ఆ వాదనకు సిమెంటు జవాబు చెప్పలేదు.

డబ్బు మూడు చోట్ల నుంచి వచ్చింది. ఎయిర్‌పోర్ట్ అథారిటీ తన లాభాలను ప్రభుత్వానికి ఇవ్వకుండా అట్టిపెట్టుకుంది, అప్పు తెచ్చింది, ప్రయాణికుల టికెట్టులోనే నిర్మాణ రుసుము కలిపింది. ఇలా చేస్తే శాసనసభ ముందు నిధుల కోసం నిలబడాల్సిన పని ఉండదు. సౌకర్యం వాడుకునేవాడే ఖర్చు భరించాలన్నది అధికారికంగా చెప్పిన సూత్రం. ప్రజాప్రతినిధుల ఓటును తప్పించుకునే దారి ఇదన్నది విమర్శ. రెండూ నిజమేనని నా అభిప్రాయం.

2022 నవంబరులో కొత్త రన్‌వే ప్రారంభమైంది. కానీ వెంటనే మూడు రన్‌వేలు పనిచేయలేదు. పాత రెండింటిలో ఉత్తరం వైపుదాన్ని మధ్య రన్‌వేగా మార్చేందుకు మూసేశారు. అసలు మూడు కలిసి పనిచేయడం 2024 నవంబరు 28న మొదలైంది. ఆ ఏడాది ప్రయాణికులు దాదాపు 5.3 కోట్లు. 2018లో రెండు రన్‌వేలతోనే 7.47 కోట్ల మంది వచ్చిపోయారు. అదే 2024లో పక్కనే చైనాలో ఉన్న షెన్‌జెన్ విమానాశ్రయం 6 కోట్లు దాటింది, గ్వాంగ్‌జౌ 7.6 కోట్ల దగ్గర ఉంది. కోవిడ్ తర్వాత హాంకాంగ్ కోలుకుంటుండగా పక్కవాళ్లు ఆగి చూడలేదు.

అసలు చిక్కు నేల మీద లేదు, ఆకాశంలో ఉంది. రెండు రన్‌వేలతో గంటకు గరిష్ఠంగా 68 విమానాలు నడిపేవారు. మూడుతో లక్ష్యం 102. దక్షిణాన లాంటౌ శిఖరం 934 మీటర్ల ఎత్తున అడ్డంగా నిలుచుంది. ఉత్తరాన షెన్‌జెన్ గగనతలం మొదలవుతుంది. హాంకాంగ్ నుంచి లేచి చైనా లోపలికి వెళ్లే విమానం సరిహద్దు దాటేసరికి సుమారు 15,700 అడుగులు ఎక్కి ఉండాలి. అంత ఎత్తు ఎక్కడానికి ముందు సముద్రం మీద చుట్టు తిరుగుతుంది. సమయం, ఇంధనం రెండూ వృథా. మాట్లాడేవాళ్లు దీన్ని ‘గాలిగోడ’ అంటారు. గ్వాంగ్‌జౌ, షెన్‌జెన్, మకావ్, జుహాయ్ అన్నీ ఇదే ఇరుకు ఆకాశాన్ని పంచుకుంటున్నాయి. 2004 నుంచి చైనా, హాంకాంగ్, మకావ్ విమానయాన శాఖలు కలిసి కూర్చుని దారులు సర్దుకోవడానికి ప్రయత్నిస్తున్నాయి. ఎత్తు తగ్గించడానికి, కొత్త మార్గాలు తెరవడానికి ఒక్కొక్కటిగా ఒప్పుకుంటూ వస్తున్నారు. కొండను పేల్చి మూడేళ్లలో నేల సిద్ధం చేసిన ఊరికి ఈ పని ఇరవై ఏళ్లు దాటినా పూర్తి కాలేదు. హాంకాంగ్ ఒక్కటే పూనుకుంటే తెమిలే వ్యవహారం కాదు ఇది. గంటకు 102 అనే అంకె ఎప్పటికి నిజమవుతుందన్నది షెన్‌జెన్ వైపు విమానాలు ఎంత ఎత్తులో దాటడానికి ఒప్పుకుంటారన్న దాని మీద చాలావరకు ఆధారపడి ఉంది.